తుపాను ఎంత కదలినది? ఎటు కదలినది?

బంగాళాఖాతమున వాయుగుండము బలపడి తుపానుగా మారిన దినములలో మేము చదువు ప్రకటనలయందు ఒక వాక్యము తప్పక వినవచ్చును. తుపాను కేంద్రము ఇన్ని డిగ్రీల ఉత్తర అక్షాంశము, ఇన్ని డిగ్రీల తూర్పు రేఖాంశము వద్ద, మచిలీపట్టణమునకు ఆగ్నేయముగా ఇన్ని కిలోమీటర్ల దూరమున నున్నదని ఆ వాక్యము చెప్పును. శ్రోతలలో పలువురు చివరి సంఖ్యను మాత్రమే జ్ఞాపకముంచుకొని, ఇంకను దూరముగనే యున్నది గదా యని ఊరడిల్లుదురు. కాని దిశ తెలియని దూరము సగము వార్త మాత్రమే. నిన్నటి ప్రకటనను, నేటి ప్రకటనను ప్రక్కప్రక్కన నుంచుకొన్నచో, తుపాను ఎంత కదలినదో, ఎటు కదలినదో ఎవరైనను లెక్కింపవచ్చును. ఆ లెక్కను నేడు వివరింతుము.

ఒక వస్తువు మొదట నున్న చోటినుండి తుదకు చేరిన చోటికి గీచిన సరళరేఖ దాని స్థానభ్రంశమును తెలుపును. దీనికి పరిమాణము, దిశ యని రెండు లక్షణములు కలవు. ఇట్టి రాశులను సదిశరాశు లందురు. బియ్యపు బస్తా తూకమునకు దిశతో పనిలేదు. సముద్రమున దారితప్పిన నావను వెదకబోవువారికి మాత్రము, అది పది కిలోమీటర్లు పోయినదని చెప్పిన చాలదు. ఏ దిక్కునకు పోయినదో చెప్పవలెను.

ఏటవాలుగా సాగిన స్థానభ్రంశమును రెండు అంశములుగా విడదీయుట ఈ లెక్కలోని కీలకము. ఒకటి తూర్పు పడమరల వెంట, రెండవది ఉత్తర దక్షిణముల వెంట. అక్షాంశము ఒక డిగ్రీ మారినచో ఉత్తర దక్షిణముల దూరము సుమారు 111 కిలోమీటర్లు. రేఖాంశముల సంగతి వేరు. అవి ధ్రువములవద్ద కలిసికొనును గనుక, భూమధ్యరేఖ కడ 111 కిలోమీటర్లున్న వాని యెడము ఉత్తరమునకు పోవుకొలది తగ్గును. మన తీరమునకు చేరువైన 15 డిగ్రీల అక్షాంశమున అది సుమారు 107 కిలోమీటర్లు. ఈ రెండు సంఖ్యలతో డిగ్రీలను కిలోమీటర్లుగా మార్చుకొనవచ్చును.

ఉదాహరణకొరకు ఒక తుపానును ఊహింతము. మొదటి దినమున అది పడమరకు 240, ఉత్తరమునకు 70 కిలోమీటర్లు జరిగినదనుకొందము. ఈ రెండును లంబకోణ త్రిభుజమున రెండు భుజములు, స్థానభ్రంశము కర్ణము. 240 వర్గము 57,600, 70 వర్గము 4,900, మొత్తము 62,500. దీని వర్గమూలము 250. కావున తుపాను 250 కిలోమీటర్లు కదలినది. ఇక దిశ. ఉత్తరాంశమును పశ్చిమాంశముచే భాగింపగా 0.29 వచ్చును. టాన్జెంటు పట్టికలో ఈ విలువకు సరియగు కోణము సుమారు 16 డిగ్రీలు. అనగా తుపాను పడమరనుండి ఉత్తరమువైపునకు 16 డిగ్రీలు ఒరిగి సాగినది. పట్టిక లేనివారు గళ్ల కాగితముపై 50 కిలోమీటర్లకు ఒక సెంటీమీటరు చొప్పున గీచి, కోణమానినితో కొలుచుకొనవచ్చును.

ఇచట ఒక జాగ్రత్త అవసరము. తూర్పునకు 240, దక్షిణమునకు 70 కిలోమీటర్లు పోయిన తుపానునకును అదే పరిమాణము, అదే కోణము వచ్చును. ఒకటి మన తీరమునకు వచ్చుచున్నది; మరియొకటి తీరమును వీడి పోవుచున్నది. కోణము ఏ దిక్కునుండి ఏ దిక్కునకో అంశములను చూచియే నిర్ణయింపవలెను.

రెండవ దినమున తుపాను పడమరకు 150, ఉత్తరమునకు 200 కిలోమీటర్లు జరిగినదనుకొందము. వర్గముల మొత్తము మరల 62,500. పరిమాణము మరల 250 కిలోమీటర్లే. కాని కోణము 53 డిగ్రీలు! వేగము మారలేదు, దారి మారినది. రెండు దినముల మొత్తమునకై పడమటి అంశములను వేరుగా, ఉత్తరపు అంశములను వేరుగా కూడవలెను: 390, 270. వీనినుండి వచ్చు స్థానభ్రంశము సుమారు 474 కిలోమీటర్లు. రెండు 250లు కలిసి 500 కాకపోవుటకు కారణము నడుమనున్న మలుపే.

తుపాను మొదటిదినపు దారినే పట్టియుండునని తలచినవాడు, రెండవ దినాంతమున అది పడమరకు 480, ఉత్తరమునకు 140 కిలోమీటర్ల కడ నుండునని ఎదురుచూచును. నిజముగా చేరిన చోటు అంతకు 90 కిలోమీటర్లు తూర్పున, 130 కిలోమీటర్లు ఉత్తరమున నున్నది. రెంటికి నడుమ ఎడము సుమారు 158 కిలోమీటర్లు. ఒంగోలునకు, మచిలీపట్టణమునకు తిన్నగా కొలిచిన దూరము సుమారు 140 కిలోమీటర్లే.

ఇది కాగితపు లెక్కగా మిగిలిపోవునది కాదు. 1977 నవంబరులో వచ్చిన తుపాను మొదట పశ్చిమముగా సాగి, పిదప ఉత్తరమువైపునకు మళ్లి, 19వ తేదీన ఆంధ్రతీరమును దాటినది. దివిసీమపై సముద్రము సుమారు ఐదు మీటర్ల ఎత్తున పొంగి గ్రామములను ముంచివేసినది. ఆ విపత్తున పదివేల మంది వరకు ప్రాణములు కోల్పోయిరి. మన తీరమును తాకు తుపానునకు, అది పోవు దిక్కునకు అభిముఖముగా నిలిచినవాని కుడివైపున, గాలి సముద్రజలమును నేలమీదికి నెట్టును. ఎడమవైపున ఆ ఉప్పెన తక్కువ. కనుక కొద్ది డిగ్రీల మలుపుతో ఒక గ్రామము ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు మారవచ్చును.

నేడు ఉపగ్రహములు, రాడారులు తుపాను కేంద్రమును వెంటాడుచున్నవి. వాతావరణశాఖవారు వాయుపీడనమును, పైగాలులను కూడ గణించి ముందుదారిని తెలుపుదురు. మన లెక్క జరిగిన దానిని చెప్పునుగాని, జరుగబోవు మలుపును చెప్పజాలదు. అందుచే ఇల్లు విడువుమని హెచ్చరిక వచ్చినపుడు లెక్క ముగియువరకు ఆగరాదు. ప్రకటన వినునపుడు మాత్రము దూరముతోపాటు దిశను కూడ వ్రాసికొనుడు. మరుసటి ప్రకటన వచ్చిన వెంటనే రెంటిని పోల్చి చూచుకొనుడు.