హైదరాబాద్ వెళుతున్నారా.. ఒక్క క్షణం
స్టేషన్ల పేర్లతోనే మొదటి తికమక; శుక్రవారం మ్యూజియానికి, సోమవారం జూకు సెలవు

కోరుకొండ: పండుగ సెలవులు, పిల్లల చదువులు, ఆసుపత్రి పనులు.. కారణమేదైనా మండలం నుంచి హైదరాబాద్ వెళ్లి వచ్చే కుటుంబాలకు కొదవ లేదు. రాజమహేంద్రవరంలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి నగరంలో ఉంటారు. ప్రయాణం ఇంత సులువు కావడం వల్లనే కాబోలు, ముందుగా విచారించుకుని బయలుదేరేవారు తక్కువ. ఫలితంగా రెండు రోజుల పర్యటనలో ఒక రోజు దారులు వెతుక్కోవడానికే సరిపోతుంది. వినోదానికి వెళ్లినవారికి అది కొద్దిపాటి నష్టం. వైద్యానికి వెళ్లినవారికి అలా కాదు.

పేరొకటి.. చోటొకటి
టికెట్‌పై 'హైదరాబాద్ దక్కన్' అని ఉంటే అది నగరవాసులు నాంపల్లి అని పిలిచే స్టేషన్. సికింద్రాబాద్, కాచిగూడ, లింగంపల్లి దేనికదే వేరు. మన ప్రాంతం మీదుగా వెళ్లే గోదావరి ఎక్స్‌ప్రెస్ నాంపల్లి వరకు, గౌతమి ఎక్స్‌ప్రెస్ లింగంపల్లి వరకు వెళతాయి. వీటికి తోడు 2025 జనవరిలో తూర్పు శివారున చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమైంది. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణానికి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ఆ పనుల కారణంగా కొన్ని రైళ్లను చర్లపల్లికి మళ్లించారు. అక్కడికి మెట్రో లేదు. వెళ్లేటప్పుడు సికింద్రాబాద్‌లో దిగాం కనుక తిరుగు రైలునూ అక్కడే ఎక్కవచ్చునని భావిస్తే స్టేషన్ తెలిసేసరికి రైలు వెళ్లిపోతుంది. టికెట్‌పై ముద్రించిన స్టేషన్ పేరు చదువుకోవాలి. అనుమానముంటే బయలుదేరే ముందు 139కు ఫోన్ చేయాలి.

బస్సుల్లో వెళ్లేవారికీ ఇలాంటి ఇబ్బందే ఉంది. జూబ్లీ బస్ స్టేషన్‌కు, జూబ్లీహిల్స్‌కు పేరులో తప్ప పొత్తు లేదు. ఆ బస్ స్టేషన్ సికింద్రాబాద్‌లో ఉంది. విజయవాడ రహదారిపై వచ్చే బస్సులు నగరంలో ముందుగా చేరేది ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాలకే. బంధువులు అక్కడే ఉంటే మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా వెళ్లి, ఆటోకు డబ్బు పోసి వెనక్కు రావలసిన అవసరం లేదు.

ఉచిత ప్రయాణం ఎవరికి?
మహిళలు ఎక్కువగా పొరపడుతున్నది ఇక్కడే. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి ఉచిత బస్సు పథకం ఆ రాష్ట్ర మహిళలకు మాత్రమే వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ చిరునామాతో ఉన్న ఆధార్ చూపితే కండక్టర్ టికెట్ కొట్టక తప్పదు. వాదించి ప్రయోజనం లేదు. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి అమలవుతున్న స్త్రీశక్తి పథకం కూడా రాష్ట్రాల మధ్య తిరిగే బస్సులకు వర్తించదు.

తెల్లవారుజామున రైలు దిగినవారు ఆటోవాలా చెప్పిన మొత్తానికి తలూపి ఎక్కేస్తుంటారు. 'అండీ' అనగానే కొత్తవారని పసిగట్టే నేర్పు వారికి ఉండనే ఉంది. తొందరేమీ లేకపోతే స్టేషన్‌లోనే కాసేపు నిరీక్షించడం మేలు. ఉదయం 6 గంటలకు మెట్రో మొదలవుతుంది. 2017 నవంబరులో ప్రారంభమైన ఈ మెట్రోకు మూడు మార్గాలున్నాయి. మియాపూర్-ఎల్బీనగర్, నాగోలు-రాయదుర్గం మార్గాలు అమీర్‌పేటలో కలుస్తాయి. మూడోది జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వరకు ఉంది. పాతబస్తీ చూడాలనుకునేవారు ఈ చివరి స్టేషన్‌లో దిగి ఆటోలో వెళ్లవచ్చు.

తలుపు మూసిన రోజు
సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ శుక్రవారం తెరవరు. నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు సోమవారం సెలవు. మ్యూజియంలోని సంగీత గడియారం గంట గంటకూ మోగుతుంది. పన్నెండు గంటలు కొట్టే వేళ దాని ముందు చేరే జనాన్ని చూడడం కూడా ఒక ముచ్చటే. రామోజీ ఫిలింసిటీ నగరంలో లేదు. విజయవాడ రహదారిలో ఉంది. అదే రోజు చార్మినార్ కూడా చూద్దామనుకుంటే రెండూ సగం సగమే అవుతాయి. గోల్కొండ కోట మెట్లు కష్టమని కొందరు బెదిరిస్తుంటారు. మన నరసింహస్వామి కొండ ఎక్కే అలవాటున్నవారికి అదొక లెక్క కాదు. అయితే ఎండ ముదరక ముందే ఎక్కడం మంచిది. లాడ్‌బజార్‌లో గాజులు మొదట చెప్పిన ధరకే కొనేది బయటి ఊళ్లవారేనన్నది అక్కడ అందరికీ తెలిసిన విషయమే.

ఆసుపత్రికి వెళ్లేవారు
పంజాగుట్టలోని నిమ్స్, బంజారాహిల్స్‌లోని బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రులకు గోదావరి జిల్లాల నుంచి రోగులు వెళుతుంటారు. శనివారం రాత్రి రైలెక్కి ఆదివారం ఉదయం ఓపీ వద్దకు చేరడం తరచు జరిగే పొరపాటు. ప్రత్యేక విభాగాల వైద్యులు వారంలో నిర్ణీత రోజుల్లోనే చూస్తారు గనుక ముందే ఫోన్ చేసి ఆ రోజేదో రూఢి చేసుకోవాలి. స్టేషన్‌లో టిఫిన్ చేసి వెళ్లడం మరో పొరపాటు. పరగడుపున ఇవ్వవలసిన రక్తనమూనా ఆ కారణంగా మరుసటి రోజుకు వాయిదా పడుతుంది. లాడ్జి అద్దె, మరో రోజు కూలి నష్టం, రద్దయిన తిరుగు టికెట్ అన్నీ ఆ ఇడ్లీ ఖాతాలోకే వస్తాయి. చక్కెర వ్యాధికి మందులు వాడేవారు మాత్రం ఎంతసేపు ఆహారం మానవచ్చో స్థానిక వైద్యుని అడిగి బయలుదేరాలి.

పాత రిపోర్టులతోపాటు ఎక్స్‌రే, స్కానింగ్ ఫిలింలు కూడా వెంట తీసుకెళ్లాలి. అవి లేకపోతే అదే పరీక్షకు మళ్లీ డబ్బు కట్టవలసి రావచ్చు. మన రాష్ట్ర ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు హైదరాబాద్‌లోని అన్ని ఆసుపత్రుల్లోనూ చెల్లదు. వెళ్లదలచిన ఆసుపత్రి, చేయవలసిన చికిత్స పథకంలో ఉన్నాయో లేదో ఇక్కడి నెట్‌వర్క్ ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడిగితే చెబుతారు. వరుసలో నిలబడనవసరం లేదు, నేరుగా చూపిస్తానని ఓపీ వద్ద చేరువయ్యే అపరిచితులకు రోగి కాగితాలు, డబ్బు ఇవ్వరాదు. అత్యవసరమైతే 112కు ఫోన్ చేయవచ్చు.

తిరుగు ప్రయాణం సంగతి చాలామంది అక్కడికి వెళ్లాక చూసుకుందామనుకుంటారు. పండుగల ముందు అది సాగదు. రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువును 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. వెయిటింగ్ లిస్టులోనే మిగిలిపోయిన ఆన్‌లైన్ టికెట్ దానంతటదే రద్దవుతుంది. కౌంటర్‌లో కొన్న వెయిటింగ్ టికెట్‌తో స్లీపర్, ఏసీ బోగీలు ఎక్కడానికి వీల్లేదు. అటువంటివారు జనరల్ బోగీలో రావాలి, లేదా ఆ రాత్రికి బస్సు చూసుకోవాలి.