పాత చీటీలు చెప్పే సంగతులు

మా పట్టణంలోని ధర్మ క్లినిక్‌లో డాక్టరుగారు ఒక్కో రోగికి ఇవ్వగలిగేది ఐదారు నిమిషాలు. ఆ కాస్త సమయంలో పాత మందులు, పాత రిపోర్టులు వెతుక్కుంటూ కూర్చుంటే రోగిని చూసేదెప్పుడు? అందుకే రోగి లోపలికి వెళ్లేసరికి ఫైలు బల్ల మీద ఉండాలి. రైల్వే మెయిల్ సర్వీసు (ఆర్‌ఎంఎస్)లో ఉత్తరాలు సార్టింగ్ చేసి రిటైరైన నేను, మరికొందరు వాలంటీర్లతో కలిసి ఆ పని చూస్తున్నాను.

పేర్లను బట్టి సర్దితే సరిపోదా అని కొత్తవాళ్లు అడుగుతారు. సరిపోదు. వెంకటలక్ష్మి అని పిలిస్తే వరండాలో ముగ్గురు లేస్తారు. ఒకే మనిషి పేరు ఒక చీటీ మీద ఇంటిపేరుతో, ఇంకో చీటీ మీద ఒట్టి పొడి అక్షరంతో ఉంటుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్ల కాగితాలు రెండు చోట్ల పడతాయి. అందుకే మనిషికి ఒకే నంబరు, ఒకే ఫైలు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో 1907లో డాక్టర్ హెన్రీ ప్లమ్మర్ ఈ పద్ధతి తెచ్చారు. అంతకుముందు అక్కడా ఏ డాక్టరు రాసుకున్నది ఆ డాక్టరు పుస్తకంలోనే ఉండేది.

మా ఫైలు నంబరుకు ఆరు అంకెలు. పోస్టులో పిన్‌కోడ్‌ను ఎడమ నుంచి చదివేవాళ్లం. ఇక్కడ కుడి నుంచి చదవాలి. 04-27-63 అనుకోండి. ముందు 63వ అర, అందులో 27వ కట్ట, అందులో 4వ ఫైలు. ఇలా చేస్తే కొత్త ఫైళ్లన్నీ చివరి బీరువాలో కిక్కిరిసిపోకుండా వంద అరల్లోకీ సర్దుకుంటాయి. ఫైలు తీసిన చోట ఒక అట్టముక్క పెట్టి, ఎవరికిచ్చామో తేదీతో రాస్తాం.

ఫైలు లోపల కొత్త కాగితం పైన, పాతది కింద ఉంటుంది. పడని మందు ఉంటే అట్ట మీదే ఎర్ర సిరాతో రాస్తాం: ‘పెన్సిలిన్ పడదు’. గుండుసూదులు తుప్పు పడతాయి కాబట్టి ట్యాగులే వాడతాం. ఈసీజీ కాగితం మీద గీతలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి. అందుకే వచ్చిన రోజే జిరాక్స్ తీసి జతచేస్తాం.

“అదే బాబూ, తెల్ల బిళ్ల. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి” అంది మొన్నొక ముసలావిడ. నంబరు చీటీ వానకు తడిసి పోయిందట. “ఏ ఊరు మామ్మగారూ? మీ ఆయన పేరేంటి?” అని అడిగి రిజిస్టరులో చూస్తే నంబరు దొరికింది. ఫైలులో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టులు మూడు ఉన్నాయి. దేనికదే చూస్తే పెద్దగా తేడా కనబడదు. వరుసగా పెడితే మాత్రం అంకె పెరుగుతూ వచ్చింది. డాక్టరుగారు అది చూసి అప్పటికప్పుడు షుగరు మందు మోతాదు మార్చారు. తెల్ల బిళ్లలు ఎన్నో రకాలు. ఆవిడ వాడేది ఏదో, ఆవిడ కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పింది ఆ కాగితాలే.

ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులు 3 ఏళ్లు ఉంచాలని, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నిబంధనలు చెబుతున్నాయి. షుగరు, బీపీ జీవితాంతం ఉండేవి. వాటికి మూడేళ్ల కాగితాలు చాలవు. అందుకే మేం ఓపీ ఫైళ్లను కూడా దాస్తాం. ఇప్పుడు 14 అంకెల ఆభా (ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్) నంబరుతో రికార్డులు ఫోన్‌లోకీ వస్తున్నాయి. మంచిదే. కానీ ఒకరి రిపోర్టు ఇంకొకరి ఫైలులో ఉండగా స్కాన్ చేస్తే కంప్యూటరులోనూ ఆ తప్పే మిగులుతుంది. ముందు సర్దాలి, తర్వాతే స్కాన్.

ఈ పనికి వచ్చేవాళ్లకు చేతిరాతకన్నా ముఖ్యం నోటి కట్టుబాటు. ఎవరికి టీబీ, ఎవరికి మానసిక సమస్య అన్నది గది గడప దాటకూడదు. హెచ్‌ఐవీ సంగతి రోగి అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 చట్టం నిషేధించింది కూడా. మా ఇంట్లో సైతం నేను ఏ రోగి పేరూ ఎత్తను.

బ్యాంకుల్లో, పోస్టాఫీసుల్లో, బళ్లలో పనిచేసి రిటైరైనవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వారానికి రెండు పూటలు మీ దగ్గరి ధర్మాసుపత్రికి ఇవ్వండి. వైద్యం తెలియక్కర్లేదు, ఓర్పు ఉంటే చాలు. రోగులకూ ఒక మాట: మీ చీటీలన్నీ తేదీల వరుసలో ఒకే కవరులో పెట్టుకుని, డాక్టరు దగ్గరకు వెళ్లిన ప్రతిసారీ తీసుకెళ్లండి.