పాత ఆయిల్ ఇంజను బేరమా? చల్లగా ఉన్నప్పుడే చూడాలి

కరెంటు మోటార్లు వచ్చాక ఆయిల్ ఇంజను పని అయిపోయిందనుకున్నారు. వ్యవసాయానికి 2004లో ఉచిత కరెంటు, 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా రావడంతో కరీంనగర్, ఆదిలాబాద్ పాత జిల్లాల్లో బావుల మీది ఇంజన్లు చాలావరకు కొట్టాల్లో మూలకు చేరాయి. అయినా కరెంటు స్తంభం లేని చోట, మంథని వైపు గోదావరి ఒడ్డునైనా, వేమనపల్లి, బెజ్జూరు వైపు ప్రాణహిత ఒడ్డునైనా, చెల్కకు నీళ్లు ఎక్కించాలంటే ఇంజనే దిక్కు. కొత్తది కొనలేని రైతు పాతదాని బేరానికి వెళ్తాడు. అది వరి పొట్ట మీద ఉన్నప్పుడు మొరాయిస్తే పంటా పోతుంది, పైసలూ పోతాయి.

బేరానికి వెళ్లేసరికే ఇంజను నడుస్తూ ఉంటే అనుమానించాల్సిందే. వేడెక్కిన ఇంజను ఎవరు తిప్పినా లేస్తుంది. హెడ్డు మీద చేయి పెడితే వేడి తగిలిందా, ఆ రోజుకు తిరిగి వచ్చి, మరునాడు కబురు పెట్టకుండా పొద్దున్నే వెళ్లడం మేలు.

స్టార్టు చేయకముందే అడుగు బోల్టు కొద్దిగా వదులు చేసి, రాత్రంతా నిలిచిన ఆయిలు కాస్త ఆకులోకి పట్టి చూడాలి. ముందు నీటి చుక్కలు రాలినా, ఆయిలు పాల చాయలో ఉన్నా లోపలికి నీళ్లు దిగుతున్నట్టే. వేళ్ల మధ్య మెరిసే రజను కనిపిస్తే బేరింగులు అరుగుతున్నాయి. ఆయిలు బెల్లం పాకంలా ఉన్నా నమ్మరాదు. పొగను, చప్పుడును కొన్నాళ్లు దాచడానికి చిక్కటి గేరు ఆయిలు పోసి అమ్మేవారున్నారు. కొత్త రంగు సంగతి చెప్పనే అక్కరలేదు. రంగుకు నీళ్లు ఎక్కవు.

ఫ్లైవీలును చేత్తో మెల్లగా తిప్పితే ఒక చోట గట్టిగా ఆగి వెనక్కు నెట్టాలి. మెత్తగా జారిపోతే రింగులో, వాల్వులో, లైనరో అరిగినట్టు. అదే చక్రాన్ని గడ్డపారతో కొద్దిగా ఎత్తినప్పుడు ఊగులాట తెలిస్తే మెయిన్ బేరింగులు పోయినట్టు.

ఉత్తగా నడిచే ఇంజనును చూసి బయానా ఇవ్వరాదు. పంపు తగిలించి గంటసేపు నీళ్లు పోయించాలి. నల్లపొగకు నాజిలో, ఎయిర్ ఫిల్టరో కారణం కావచ్చు. అది చిన్న ఖర్చే, బేరం తగ్గించడానికి పనికొస్తుంది. నీలం పొగ ఆగకుండా వస్తే ఇంజను ఆయిలు తాగుతోంది. చల్లబరిచే నీటి పైపు కొసను బకెట్లో ముంచితే వరుసగా బుడగలు వస్తున్నాయంటే హెడ్ గ్యాస్కెట్ పోయిందో, హెడ్డే పగిలిందో. అది చిన్న ఖర్చు కాదు.

డీజిల్‌ను సీసాతో కొలిచి పోయాలి. 5 హార్స్‌పవర్ ఇంజను నిండు లోడు మీద గంటకు సుమారు లీటరు తాగుతుంది. అరిగినది మరో పావు లీటరు తాగిందనుకుంటే రోజుకు 8 గంటల చొప్పున 2 లీటర్లు, నెలకు 60 లీటర్లు అదనం. ధరలో మిగిలిందనుకున్నది డీజిల్ బంకులో పోతుంది.

అన్ని ఇంజన్ల చప్పుడూ ఒకటి కాదు. ఇంగ్లండు లిస్టర్ నమూనాలో రాజ్‌కోట్‌లో చేసిన బరువు ఇంజన్లు నిమిషానికి 650 చుట్ల వంటి తక్కువ వేగంతో తిరుగుతాయి. కిర్లోస్కర్ వంటివి 1500 చుట్లు తిరుగుతాయి. ప్లేటు మీద రాసిన చుట్లకు మించి గవర్నరు స్ప్రింగు బిగించి నీళ్లు ఎక్కువ పోయించి చూపితే మోసపోరాదు.

ప్లేటు మీది నంబరును పాత బిల్లుతో సరిచూసుకోవాలి. నంబరు గీకేసి ఉంటే ఎంత చవకైనా వదిలేయాలి; దొంగసొత్తు అయితే పోలీసులు వచ్చేది కొన్నవాడి ఇంటికే. బిల్లు లేకపోతే అదే నంబరు వేసి, ఇద్దరు సాక్షులతో రసీదు రాయించుకున్నాకే ఇంజనును బండి ఎక్కించాలి.