ఎవరి వల వారిదే

తెలుగు చెప్పే అధ్యాపకుడికి జీతంతో పాటు ఒక అదనపు ఉద్యోగం కూడా దొరుకుతుంది. ఊళ్ళో ఎవరికి శుభలేఖ కావలసినా, సన్మానపత్రం కావలసినా, అచ్చుకు పంపబోయే కథను ఎవరైనా ఒకసారి చూడవలసి వచ్చినా నేరుగా మా ఇంటికే వస్తారు. శుభలేఖల వాళ్ళు కాఫీ తాగి పది నిమిషాల్లో వెళ్ళిపోతారు. కథల వాళ్ళు అలా కాదు. కథ వినిపించి, మన ముఖం వంక చూస్తూ కూర్చుంటారు. ఆ చూపు ఎలాంటిదో నాకు బాగా తెలుసు. ఒకప్పుడు నేనూ అలాగే చూసినవాణ్ణే.

రెండేళ్ళ కిందట బి.ఏ. చదివే ఒక కుర్రవాడు అలాగే వచ్చాడు. నెల్లూరు జిల్లా సముద్రపు ఒడ్డున జువ్వలదిన్నె అతని ఊరు. తండ్రి వేటకు పోయే మనిషి. అతను తెచ్చిన కథలో నాయిక పేరు మృణాళిని. హైదరాబాదులో మేడమీద కూర్చుని వీణ వాయిస్తుంది. నాయకుడు కారు దిగి, గులాబీ అందించి, నాలుగు పుటల సేపు మౌనంగా ఉంటాడు. కుర్రవాడు హైదరాబాదు చూసినవాడు కాడు, వీణ ముట్టినవాడు కాడు. అయినా భాషలో తప్పులు లేవు. "భాష బాగుందోయ్, ప్రయత్నం చెయ్యి" అన్నాను. ఏదో ఒకటి అని పంపించెయ్యటానికి మా వంటివాళ్ళం వాడే మాట అది.

అతను ప్రయత్నం చేశాడు. ఏడాదిలో అయిదు కథలు పత్రికలకు పంపాడు. రెండు తిరిగివచ్చాయి, మూడింటికి జవాబే లేదు. తర్వాతి వేసవిలో తోటి విద్యార్థి ఒకడు చెప్పాడు: "వాడు రాసిన నోటుపుస్తకాలన్నీ వాళ్ళవ్వకిచ్చేశాడు సార్, పొయ్యిలోకి."

ఆ మాట విన్న తర్వాత ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. ఆ ఆదివారమే బిట్రగుంటలో రైలు దిగి, ఆటో పట్టుకుని జువ్వలదిన్నె చేరాను.

అది వేట విరామపు కాలం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే 61 రోజులూ, ఇంజను పడవలు సముద్రంలోకి పోకూడదు. అందుచేత పడవలన్నీ ఒడ్డున ఉన్నాయి, మగవాళ్ళందరూ వలల దగ్గర ఉన్నారు. కొత్తగా కట్టిన చేపల రేవు వైపు నుంచి గాలి వీస్తోంది. కుర్రవాడి తండ్రి పందిరి కింద కూర్చుని, కాలి బొటనవేలికి వల తగిలించుకుని చిరుగులు అల్లుతున్నాడు.

"రాండి సారూ, కూసోండి. వాడు నీళ్ళకు పోయుండాడు, ఇప్పుడే వస్తాడు" అన్నాడు.

ఏదో ఒకటి మాట్లాడాలి గదా అని, "ఇన్ని వలలెందుకండీ? ఒకటి చాలదూ?" అన్నాను.

ఆయన నవ్వాడు. "అదెట్టా సారూ! కవళ్ళకు సన్నకన్ను వల గావాల. కానాగంతలకు ఇంకొంచెం పెద్ద కన్ను. వంజరానికి పెద్దకన్ను వల. పక్కింటోడి వల బాగుండాదని దాన్నే ఎత్తకపోతే, ఆడుండే చేపేందో, మనం పోయిన లోతెంతో జూసుకోవద్దా? వట్టి చేతుల్తో ఇంటికి రావాల్సిందే."

ఇంతలో కుర్రవాడు వచ్చాడు. నన్ను చూసి బిందె దించి, తల వంచుకుని నిలబడ్డాడు. ఇసుకలో కొంతదూరం నడిచాం. "ఎందుకు మానేశావు?" అని అడిగాను.

"నాకు తెలుగు రాదు సార్" అన్నాడు.

నేను నవ్వబోయాను. అతను నవ్వలేదు. ఇంట్లోకి పోయి ఒక పాత కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. మొదటి సంవత్సరంలో 'మా ఊరు' అన్న విషయం మీద నేను రాయించిన వ్యాసం అది. తుపాను రాత్రి తండ్రి పడవ కోసం తల్లి ఒడ్డున నిలబడి ఎదురుచూడటం గురించి రాశాడు. ఆ కాగితం నిండా ఎర్రసిరా. తల్లి అన్న మాటల కింద గీతలు గీసి, పక్కన 'గ్రామ్యం' అని నాలుగు చోట్ల, 'అన్యభాషాపదం' అని రెండు చోట్ల రాసి ఉంది. కింద 'భాష మెరుగుపరచుకోవలెను' అన్న హితవు. ఆ దస్తూరీ నాదే!

సంగతేమిటంటే, ఈ తీరంలోని పట్టపువాళ్ళ ఇళ్ళల్లో అరవం కలిసిన మాట వినిపిస్తుంది. బయట నెల్లూరి తెలుగు, ఇంట్లో అది. ఆ తల్లి భయపడినప్పుడు ఆ మాటే అన్నది. కొడుకు ఉన్నదున్నట్టు రాశాడు. నేను కొట్టేశాను. ఆ తర్వాతనే అతను మృణాళినినీ, వీణనూ పట్టుకున్నాడు. అయిదు కథలు తిప్పికొట్టిన సంపాదకులకన్నా ముందే అతని అసలు కథను తిప్పికొట్టిన ఘనుణ్ణి నేను!

చదువరులు నన్ను క్షమించినా క్షమించకపోయినా, ఆ సాయంత్రం ఆ కుర్రవాడికి చెప్పిన సంగతులే ఇక్కడ మళ్ళీ చెబుతున్నాను. వాటిలో మొదటిది, నన్ను క్షమించమని. తక్కినవి ఇవి.

మన నెల్లూరిలోనే, 13వ శతాబ్దంలో, మనుమసిద్ధి కొలువులో తిక్కన ఉండేవాడు. ఆయన మొదట రాసింది భారతం కాదు, నిర్వచనోత్తర రామాయణం. నిర్వచనమంటే వచనం లేనిది, అంతా పద్యమే. అదొక పంతం, ప్రతిజ్ఞ వంటిది. ఆ గ్రంథంలో కడపటి భాగం ఆయన చేతి మీద పూర్తి కాలేదు. తర్వాత భారతం చేపట్టినప్పుడు ఆ పంతం విడిచిపెట్టాడు. కావలసిన చోట పద్యం, కావలసిన చోట వచనం వాడాడు. విరాటపర్వం మొదలు 15 పర్వాలు ఒక్కచేతి మీద నడిపించాడు. పాండవులూ, ద్రౌపదీ, కీచకుడూ మన పక్కింటి మనుషుల్లా మాట్లాడతారు. మొదటి పుస్తకంలోని ప్రతిజ్ఞనే పట్టుకుని వేలాడి ఉంటే ఆ మాటలు మనకు దక్కేవా? పట్టుదల అంటే పట్టిన దారిని వదలకపోవటం అనుకుంటాం. రాయటాన్ని వదలకుండా దారి మార్చుకోవటం కూడా పట్టుదలే.

రెండో ఆయన మనకు మరీ దగ్గరివాడు, దువ్వూరి రామిరెడ్డి. 1895లో పుట్టి 1947లో పోయాడు. ఈ జిల్లా వాడే. సేద్యం చేసిన మనిషి. కళాశాలలూ, పట్టాలూ ఆయనకు దారి చూపలేదు. భాషలన్నీ స్వయంగా నేర్చుకున్నవే. ఆ రోజుల్లో కవిత్వం నిండా వెన్నెలా, విరహమూ పారుతుంటే, ఆయన మడికట్ల మీద నిలబడి 'కృషీవలుడు' రాశాడు. తనకు తెలిసిన మట్టిని, తనకు తెలిసిన రైతును కావ్యంలోకి తెచ్చాడు. లోకం ఆయనను 'కవికోకిల' అన్నది.

అయితే తెలిసినదాన్నే రాయాలి అంటే ఇంటి గడప దాటకూడదని అర్థం కాదు. ఆ రైతే పారశీకపు ఉమర్ ఖయ్యాం మీద మనసు పడ్డాడు. మన దేశంలో ఖయ్యాంను తెనిగించిన పలువురికి ఆధారం ఇంగ్లీషులో ఫిట్జెరాల్డు చేసిన అనువాదం. రామిరెడ్డి అంతటితో తృప్తి పడలేదు. పారశీకం నేర్చుకుని మూలాన్నే చదివి 'పానశాల' రాశాడు. పొలం పనుల మధ్య ఒక పరాయి లిపి కూడబలుక్కుంటూ కూర్చున్న ఆ మనిషిని తలుచుకుంటే, జీతం తీసుకుని పుస్తకాల మధ్య కూర్చునే నాబోటి వాడికి సిగ్గు వేస్తుంది.

ఫిట్జెరాల్డు సంగతీ చెప్పుకోవలసిందే. 1859లో ఆయన తన అనువాదాన్ని పేరైనా వేసుకోకుండా అచ్చు వేయించాడు. కొన్నవాడు లేడు. లండనులో పుస్తకాల వర్తకుడు విసిగిపోయి ధర తగ్గించి తగ్గించి, చివరికి ఒక్కొక్క పెన్నీకి అమ్మే పెట్టెలో పారేశాడు. 1861లో ఎవరో దారిన పోతూ ఆ పెట్టెలో చెయ్యి పెట్టారు. అది రొసెట్టి వంటి కవుల దాకా పోయింది. తర్వాత ప్రపంచమంతా చదివింది. అమ్ముడుపోనంత మాత్రాన పుస్తకం చెడ్డదని గానీ, తిరిగివచ్చినంత మాత్రాన కథ మంచిదని గానీ అనుకోవద్దు. ఆ రెండూ వేరువేరు లెక్కలు.

మూడో మనిషి పాతకాలం వాడు కాడు. జువ్వలదిన్నెకు దగ్గరి పట్నం కావలి. ఆ కావలిలో పుట్టిన మహమ్మద్ ఖదీర్ బాబు 'దర్గామిట్ట కతలు', 'పోలేరమ్మ బండ కతలు' రాశాడు. తన ఇంట్లో అమ్మా, నాయనా, జేజీ ఎలా మాట్లాడుకున్నారో అలాగే, నెల్లూరి యాసలో, తెలుగు మాట్లాడే ముస్లిం కుటుంబాల మాటలతో రాశాడు. శ్రీకాకుళం వాళ్ళు చదివారు, తెలంగాణా వాళ్ళు చదివారు. మాకు అర్థం కాలేదని ఎవరూ పుస్తకం మూయలేదు. పైపెచ్చు తమ అమ్మను తలుచుకున్నారు.

"నీ అమ్మ మాట అరవమా, తెలుగా అని చదివేవాడు అడగడు. ఆ రాత్రి ఆమె ఎలా నిలబడిందో చూస్తాడు" అన్నాను.

కుర్రవాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీరెందుకు రాయటం మానేశారు సార్?" అని అడిగాడు.

ఈ ప్రశ్న వస్తుందని నేననుకోలేదు. ఇరవయ్యో ఏట నేను భావకవుల ఫక్కీలో కవితలు రాసేవాణ్ణి. తిప్పి పంపటానికి స్టాంపులంటించిన కవరు జతచేసి పంపేవాణ్ణి. ఆ కవర్లు నమ్మకంగా తిరిగి వచ్చేవి. పద్నాలుగోది వచ్చినప్పుడు, నాకు సాహిత్యాన్ని బోధించే యోగమే ఉన్నదని సమాధానం చెప్పుకున్నాను. మా నాయన బియ్యపు కొట్టులో లెక్కలు రాసేవాడు. ఆ కొట్టు గురించి, అక్కడి కాటా గురించి, నెలాఖరున ఆయన ముఖం గురించి ఒక్క వాక్యమైనా నేను ఏనాడూ రాయలేదు. అది సాహిత్యమవుతుందని తోచనే లేదు. పద్నాలుగుసార్లు ఇంకొకరి వల వేసి, సముద్రంలో చేపలే లేవన్నాను. ఇదంతా అతనికి చెప్పాను. విద్యార్థికి చెప్పవలసిన మాట కాదేమో గాని, ఆ సాయంత్రం అబద్ధం చెప్పటానికి నోరు రాలేదు.

ఇంకొక సంగతి కూడా దాచలేదు. తెలుగులో కథలు రాసి కుటుంబాన్ని పోషించుకోవటం చాలా కష్టం. డిగ్రీ పూర్తి చెయ్యమన్నాను, ఉద్యోగం వెతుక్కోమన్నాను. పొలం చేసుకుంటూ రామిరెడ్డి రాయలేదా? రోజుకొక గంట దొరికినా చాలు.

సెలవు తీసుకుంటున్నప్పుడు ఆ తండ్రి వల నుంచి తల ఎత్తి అడిగాడు: "వాడు రాసేది బాగుంటాదా సారూ? నాకు చదువు రాదు."

"మీ వల పని ఎలా నేర్చుకున్నారు?" అన్నాను.

"మా నాయన అల్లింది ఇప్పి మళ్ళా అల్లమనేవాడు. ఎన్నిసార్లో లెక్క లేదు" అన్నాడు.

"వాడిదీ అదే పని" అన్నాను.

జూన్ నెలలో పడవలు మళ్ళీ సముద్రం మీదికి పోయాయి. కళాశాల తెరిచిన వారానికి కుర్రవాడు ఎనిమిది పుటలు తెచ్చి ఇచ్చాడు. తుపాను రాత్రి కథే. ఎర్రసిరా కలం సొరుగులో పెట్టి తాళం వేసి మరీ చదివాను. బాగోగులు చెప్పాను. మధ్యలో రెండు పుటలు అనవసరమన్నాను. తల్లి మాటల జోలికి పోలేదు. అతను నాలుగుసార్లు తిరగరాశాడు. గురజాడ అంతటివాడు 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని 1909 నాటికి ఇంచుమించు కొత్త నాటకంగా తిరగరాశాడు గదా, మనకు నాలుగుసార్లు ఒక లెక్కా!

కథ అచ్చయిందా అని మీరు అడుగుతారు. పంపాడు. ఒకచోట నుంచి తిరిగివచ్చింది. ఆ సంగతి నాతో చెప్పటానికి వచ్చినప్పుడు అతని ముఖం వంక భయంభయంగా చూశాను. పాత చూపు కనిపించలేదు.

"చివర కొంచెం మార్చి ఇంకోచోటికి పంపినా సార్. ఈలోగా ఇంకొకటి మొదలుపెట్టినా. మా అవ్వది" అన్నాడు.

నోటుపుస్తకాలు పొయ్యిలో పెట్టిన అవ్వేనా అని అడిగాను. ఆమే. కాకపోతే, పొయ్యిలో పెట్టలేదట. మనవడి దస్తూరీ ఉన్న కాగితం కాల్చటానికి చేతులు రాక, బియ్యపు డబ్బా వెనక దాచిందట. ఆమెకు అక్షరం ముక్క రాదు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి, ఇరవయ్యేళ్ళ తర్వాత, నేను కూడా ఒక తెల్లకాగితం తీశాను. పైన 'బియ్యపు కొట్టు' అని రాశాను. ప్రస్తుతానికి మూడు పుటలయింది.