స్పానిష్ చెవికి పట్టాలంటే

స్పానిష్ వ్యాకరణం రెండేళ్ళు చదివి, పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి కూడా ఓ స్పానిష్ సినిమా ముందు కూర్చుంటే తెల్లమొహం వేయడం కద్దు. "వాళ్ళు మరీ వేగంగా మాట్లాడతారండీ!" అంటాడు. వేగం కొంత నిజమే గాని, అసలు చిక్కంతా సంధిలో ఉంది.

మనం ‘వాడు ఎక్కడ’ను ‘వాడెక్కడ’ అన్నట్టే స్పానిష్ వారూ పదాంతంలోని అచ్చును తరువాతి పదపు అచ్చుతో కలిపేస్తారు. ‘మాట్లాడబోతున్నాడు’ అనడానికి పుస్తకంలో ‘బా’, ‘ఆ’, ‘అబ్లార్’ అని మూడు మాటలుంటాయి. మామూలు సంభాషణలో వినిపించేది ‘బాబ్లార్’ అనే ఒక్క మాట! స్పానిష్‌లో అచ్చులు ఐదే; త, ద లు మన దంత్యాలకు దగ్గర; క్రియను బట్టే కర్త తెలిసిపోతాడు; నువ్వు, మీరు భేదం కూడా ఉంది. ఇన్ని సౌకర్యాలున్న తెలుగువాడికి మిగిలిన పని పదచ్ఛేదమే.

దానికి తరగతి చాలదు. అధ్యాపకులు మనపై దయతలచి ఒక్కొక్క మాటా విడగొట్టి పలుకుతారు. వినోదానికి ఆ దయ లేదు, అదే దాని ఉపయోగం.

2017లో స్పెయిన్‌లో మొదలైన ‘లా కాసా దె పపెల్’ను మనవాళ్ళు ‘మనీ హైస్ట్’ పేరుతో విరగబడి చూశారు. డబ్బింగులో చూస్తే అది వట్టి కాలక్షేపం. కొత్తవారికి అంతకన్నా 1970లనాటి మెక్సికో హాస్య ధారావాహిక ‘ఎల్ చాబో దెల్ ఓచో’ మేలు. రాసిన రొబెర్తో గోమెస్ బొలాన్యోసే అందులో ఎనిమిదేళ్ళ అనాథ కుర్రవాడి వేషం వేశాడు. ఒకే వాకిలి చుట్టూ ఇళ్ళు, పద్నాలుగు నెలల అద్దె బాకీపడ్డ పెద్దమనిషి, పిల్లల కీచులాటలు. అవే పాత్రలు, అవే మాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. నేర్చుకొనేవాడికి ఇంకేం కావాలి?

చూసే పద్ధతి ఒకటుంది. ఐదు నిమిషాల ముక్క తీసుకొని ముందు అక్షరాలు లేకుండా వినాలి. తరువాత స్పానిష్ ఉపశీర్షికలతో చూడాలి. కలిసిపోయిన మాటలు అక్కడ విడివిడిగా కనిపిస్తాయి. మూడోసారి మళ్ళీ వట్టి చెవితోనే. ఇంగ్లీషు ఉపశీర్షికలు పెట్టామా, కన్ను చదువుకుపోతుంది, చెవి నిద్రపోతుంది. ఇంకొక సంగతి: వేరే భాషనుంచి స్పానిష్‌లోకి డబ్బింగైన సినిమాల్లో పలికే మాటా, కింద రాసే మాటా తరచు ఒకటి కావు. కనుక స్పానిష్‌లోనే తీసినవి చూడండి.

పాటలు మాటలను గుర్తుంచుకోవడానికి బాగా పనికొస్తాయి. ఊనిక విషయంలో మాత్రం వాటిని పూర్తిగా నమ్మకూడదు. మొదటి అక్షరం నొక్కి ‘ఆబ్లొ’ అంటే ‘మాట్లాడతాను’, చివరిది నొక్కి ‘అబ్లో’ అంటే ‘మాట్లాడాడు’. బాణీ కోసం గాయకుడు ఈ నొక్కును అటూఇటూ జరపవచ్చు.

స్పెయిన్‌లో చాలాచోట్ల నాలుక పళ్ళ మధ్య పెట్టి పలికే ధ్వనిని లాటిన్ అమెరికాలో ‘స’ అంటారు. అందుచేత అక్కడ ‘ఇల్లు’, ‘వేట’ రెండూ ‘కాసా’యే. మొదటి కొన్ని నెలలు ఒక్క దేశపు కార్యక్రమాలనే పట్టుకొని ఉండటం మంచిది. రేడియోలో ఫుట్‌బాల్ వ్యాఖ్యానం మాత్రం అప్పుడే వద్దు. గోలు పడిందన్న సంగతి తప్ప మరేమీ తెలియదు.