డిగ్రీ లేని యువజనులకు దారి చూపుట - పంచాయతీల బాధ్యత

పదవ తరగతి నెగ్గి, ఇంటర్మీడియట్టులో తప్పి, ఇంటివద్ద నిలిచిపోయిన యువకులు ప్రతి గ్రామమునను కనబడుచుందురు. "వానికి చదువబ్బలేదు" అని పెద్దలు ఒక్క మాటతో తేల్చివేయుదురు. కొన్నాళ్లకు ఆ కుఱ్ఱవాడు మేస్త్రీ వెంట పట్టణమునకు కూలికి పోవును. లేదా రచ్చబండ మీద కాలము గడుపును. చదువబ్బనివానికి పని కూడ అబ్బదనుకొనుట పొరపాటు.

రాజ్యాంగపు 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చినది. పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములను పేర్కొను పదునొకండవ షెడ్యూలులో సాంకేతిక శిక్షణ, వృత్తి విద్య 18వ అంశముగా ఉన్నవి. కావున ఇది తలిదండ్రుల విచారము మాత్రమే కాదు; పంచాయతీ పట్టించుకొనవలసిన పని.

ఒక ఉదాహరణము చూతము. బోరు మోటారు కాలిపోయినప్పుడెల్ల ఊరివారు పిలుచునది ఒక పదునెనిమిదేండ్ల యువకుని. వాడు ఎవరివద్దనో చూచి వైండింగు నేర్చుకొన్నాడు. ఫ్యూజు పోయినచో స్తంభము కూడ ఎక్కును. వాని చేతిలో పనితనమున్నది. కాని దానిని నిరూపించు పత్రము లేదు. ప్రాణము కాపాడుకొనుటకు కావలసిన శిక్షణ అంతకంటె లేదు. ఏదో ఒకనాడు ఆ తీగయే వానిని బలిగొనవచ్చును. అట్టివానికి మార్గమేది?

మొదటిది పారిశ్రామిక శిక్షణ సంస్థ, అనగా ఐ.టి.ఐ. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ శిక్షణలు రెండేండ్లవి. వానికి పదవ తరగతి కావలెను. వెల్డర్, ప్లంబర్, కుట్టుపని శిక్షణలు ఏడాదివి. ఎనిమిదవ తరగతి చాలును. విద్యుత్ పంపిణీ సంస్థలు జూనియర్ లైన్‌మన్ నియామకములలో ఎలక్ట్రీషియన్ ఐ.టి.ఐ.ని అర్హతగా స్వీకరించినవి. పైచదువు దారియు మూసికొనిపోదు. డిప్లొమా నెగ్గినవారు ఈసెట్ వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరములో చేరవచ్చును.

రెండవది అప్రెంటిస్‌షిప్. 1961 నాటి చట్టము క్రింది నిబంధనల ప్రకారము 30 మంది, అంతకు మించి సిబ్బంది గల సంస్థలు అప్రెంటిస్‌లను తీసికొని తీరవలెను. పని నేర్చుకొను కాలములో నెలనెల స్టైపెండు లభించును. ఇందుకై దళారి డబ్బడిగినచో ఈయరాదు.

మూడవది స్వయం ఉపాధి. 1982లో కర్ణాటకములోని ఉజిరెలో మొదలైన శిక్షణ పద్ధతి ననుసరించి, బ్యాంకులు జిల్లాలలో గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలను నడుపుచున్నవి. శిక్షణ, భోజనము, వసతి ఉచితము. శిక్షణ ముగిసిన తరువాత రెండేండ్ల వఱకు అభ్యర్థి యోగక్షేమములు విచారించి, బ్యాంకు ఋణమునకు తోడ్పడుదురు.

ఇక పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు నాలుగు.

ఒకటి: చదువు మానిన యువకుల పేర్లు ఒక పుస్తకములో వ్రాయుడు. బాలికలను మఱువవలదు. చదువు ఎక్కడ ఆగినదో, ఏ పని యందు ఆసక్తి కలదో వారినే అడిగి తెలిసికొనుడు.

రెండు: ఎన్నుకొనుటకు ముందు ఆ పనిని కన్నులార చూపుడు. సమీపమునగల ఐ.టి.ఐ.కి, వర్క్‌షాపునకు ఒక పూట తీసికొనిపోవుడు. పొరుగువాని కుమారుడు చేరినాడని తన కుమారుని చేర్చిన తండ్రి తరువాత చింతించును.

మూడు: కుల, ఆదాయ, నివాస ధ్రువపత్రములను ప్రవేశముల గడువునకు ముందే ఇప్పింపుడు. పత్రము ఆలస్యమైనచో ఒక యేడు వ్యర్థమగును.

నాలుగు: చేర్పించి ఊరకుండవలదు. బస్సు ఛార్జీకో, వసతికో ఇబ్బందిపడి శిక్షణ మానువారు కలరు. ఒక్కొక్క యువకుని బాధ్యతను ఒక్కొక్క సభ్యుడు ఏడాదిపాటు వహించినచో అట్టి ఇబ్బందులు తొలినాళ్లలోనే తెలియును.

రోడ్డు వేసిన పంచాయతీని ప్రజలు మెచ్చుకొందురు. ఒక యువకుని తన కాళ్లపై నిలిపిన పంచాయతీని ఆ యింటివారు తరతరములు తలచుకొందురు. రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టి, పేర్ల పుస్తకమును ఆనాడే ఆరంభింపుడు.