వ్యక్తి అంటే సర్కారు కూడా

బొర్రా గుహల మీద ముఖచిత్ర కథనం కావాలని ఎడిటర్ గారు సోమవారం చెప్పారు. గురువారం రాత్రికల్లా పేజీలు వెళ్లిపోవాలి. ఫొటోలున్నాయి, కిరండూల్ రైలుంది, బొంగు చికెన్ సరేసరి. ఇవన్నీ సర్దుకుంటుండగా పాత తీర్పు ఒకటి చేతికొచ్చింది. ఇక గుహల మీదికి మనసు పోలేదు.

1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు అది. అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల, ప్రభుత్వం ప్రైవేటు వాళ్లకు గనుల లీజులిచ్చింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడిపోయినా ఢిల్లీ దాకా వెళ్లింది. అక్కడ కేసుకు ఇరుసు ఒక్క మాట: 'వ్యక్తి'.

1959 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్, మూడో సెక్షన్. 1970లో సవరించాక అది చెప్పేదిదీ: ఏజెన్సీలో స్థిరాస్తిని ఏ 'వ్యక్తి' అయినా సరే, గిరిజనుడికో, అచ్చంగా గిరిజనులే సభ్యులైన సొసైటీకో తప్ప ఇంకెవరికి బదలాయించినా చెల్లదు. మరి సర్కారు వ్యక్తేనా? కానే కాదని సర్కారు వాదన. జస్టిస్ పట్నాయక్ అదే నిజమన్నారు. జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ మాత్రం వ్యక్తి అంటే సర్కారు కూడా అన్నారు. ఇద్దరి మాటే నెగ్గింది. లీజులు చెల్లకుండా పోయాయి.

అదే సెక్షన్‌లో ఇంకో వాక్యం ఉంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, కాదని రుజువయ్యేదాకా, గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే లెక్క. మామూలుగా భూమి పోగొట్టుకున్నవాడే కాగితాల కట్ట చంకన పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఇక్కడ రుజువు చూపాల్సింది అనుభవిస్తున్నవాడు. పట్టా ముఖం చూడకుండానే తాతల పోడు చేజారిన వాళ్లకు ఇది ఎంత ఆసరా! ఆ వాక్యం రాసిన చేతికి దణ్ణం పెట్టాలనిపించింది.

చరిత్ర నాలుగు ముక్కల్లో: 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల బదిలీపై చట్టం చేసింది. అయినా వడ్డీ వ్యాపారులు ఆగలేదు. 1922-24 మధ్య అల్లూరి తిరుగుబాటు. తర్వాత రాజ్యాంగం అయిదో షెడ్యూలు, దాని నీడన ఈ రెగ్యులేషన్.

నాకు అనుమానమల్లా తీర్పు తెరిచి ఉంచిన తలుపు మీదే. గిరిజనుల సహకార సంఘాలు, ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వుకోవచ్చంది. 2005లో, 2007లో కుదిరిన బాక్సైట్ ఒప్పందాల్లో తవ్వే చేయి ప్రభుత్వ సంస్థది, ఖనిజం చేరే చోటు ప్రైవేటు కర్మాగారం. బోర్డు మీద ప్రజల పేరుంటే కొండ ప్రజలదైపోతుందా? మన్యం కాదంది. 2015లో 97వ నంబరు జీవో 1,212 హెక్టార్ల అడవిని బాక్సైట్‌కు ఇవ్వబోతే ఏజెన్సీ భగ్గుమంది. 2019లో ఆ జీవో రద్దయింది. ఆ కొండలు ఎవరివన్న మాట కోర్టు కంటే సూటిగా ఊళ్లే చెప్పాయని నా నమ్మకం.

పేజీలో పట్టనివి

తవ్వకాల నికర లాభంలో కనీసం 20 శాతం శాశ్వత నిధిగా పక్కనపెట్టి అక్కడి నీళ్లకు, బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు ఖర్చు పెట్టాలని తీర్పులో ఉంది.

2022 నుంచి అనంతగిరి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది.

గోస్తని పుట్టేది అనంతగిరి కొండల్లోనే. దిగువన తాటిపూడి జలాశయం నింపేది ఆ నదే. విశాఖ బిందెల్లోకి అక్కడి నీళ్లూ వస్తాయి.